పుదీన కాడలు, పుంటికూర పుల్లలు

పిల్లలేమో న్యూజెర్సీలో, అమ్మమ్మ తాతలేమో నల్లగొండ జిల్లా గుర్రంపోడు దగ్గరి పల్లెలో. ఆదివారం ఫోనులో వీళ్ల ముచ్చట ఎట్లా నడుస్తదో నాలాంటోళ్లకు ఎరుకే. "తిన్నవా బిడ్డా?" "తిన్న." "ఏం కూర?" "పాస్తా." అంతే, ఫోను నా చేతికొస్తది. ప్రేమకేం కొదువ లేదు, మాట్లాడుకునేందుకే ఏమీ లేదు. మనం పిల్లల్ని అడిగేవన్నీ పరీక్ష ప్రశ్నలాయె. ఈ ఫొటోలో ఎవరు, పెద్దమ్మ పేరేంది, ఉగాదికి ఏం చేస్తరు? జవాబు అడిగేటోళ్లకు ముందే తెలుసు. ఆ సంగతి పిల్లలకు ఇంకా బాగా తెలుసు.

మా ఇంట్లో ఇది మారింది ఉల్లికాడలతోని. వేర్ల దిక్కు రెండంగుళాలు ఉంచి కోసి, వేర్లు మునిగేటన్ని నీళ్లలో నిలబెడితే మళ్లీ పెరుగుతయని పెద్దదానికి బడిలో చెప్పిన్రట. కిటికీ కాడ గ్లాసులో పెట్టింది. నాలుగైదు రోజులకే పచ్చగా లేచినయి. వీడియోలో చూపిస్తే మా అమ్మకు అర్థం కాలేదు. "గా ముక్కలు కుడితిల ఎయ్యక గ్లాసుల పెట్టుడేందే?" అన్నది. నిజమే, బర్రె ఉన్న ఇంట్లో వంటింటి చెత్త అనేదే ఉండదు. తొక్కలు, తొడిమెలు, బియ్యం కడిగిన నీళ్లు అన్నీ కుడితిలోకే.

అయితే మా అమ్మ ఒకరు చేస్తుంటే చూస్తూ కూసునే మనిషి కాదు. "పెట్టేదుంటే పుదీన పెట్టున్రి" అని చిన్నోనికి పని అప్పజెప్పింది. కట్టలో ముదురు కాడలు ఏరి, కణుపు కిందికి కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసెయ్యాలె. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలె. వారం పది రోజులకు తెల్లటి వేర్లు దిగుతయి. ఆ వారమంతా అమ్మ ఫోన్లే ఫోన్లు. "ఏరు పట్టిందా?" ఆమెకు తెలియని జవాబు వాని దగ్గరుంది. వచ్చిన తెలుగంతా వాడేసిండు, చాలకపోతే నన్ను అడిగి తెచ్చుకున్నడు. తెలుగు క్లాసుకు ఫీజు కడుతూనే ఉన్న, అక్కడ అక్షరాలు బాగానే వస్తున్నయి. కానీ ఎవరూ చెప్పించకుండా అమ్మమ్మతోని వాడు ఆగకుండా మాట్లాడింది మాత్రం పుదీన గురించే.

పుంటికూర ఇంకా సులువు. ఇండియన్ స్టోర్లో కాడలతో సహా అమ్ముతరు. ఆకు తెంపినంక లావు పుల్లల్ని ఎండల కాలంలో కుండీలో గుచ్చితే చాలావరకు బతుకుతయి. బచ్చలి తీగె కూడా అంతే. మెంతులైతే పోపుడబ్బాలోంచే. అన్నీ ఇట్లా కావు. క్యారెట్ తల నీళ్లలో పెడితే ఆకు వస్తది గాని గడ్డ రాదు. చిన్నోడు రోజూ పైకెత్తి కిందికి చూసి అలిగిండు. ఉల్లికాడలు కూడా నీళ్లలోనే ఉంచితే మూడు నాలుగు కోతలకు సన్నబడతయి, మట్టిలోకి మార్చాల్సిందే. కండ్లున్న అల్లం ముక్క మొలుస్తది, కానీ గడ్డ ఊరడానికి ఎనిమిది తొమ్మిది నెలలు కావాలె. అక్టోబరు చలికి కుండీని ఇంట్లోకి మోసుడు నా పని. ఇక దుకాణంలో కొన్న ఆలుగడ్డలకు మొలక రాకుండా మందు కొట్టి ఉండొచ్చు. తనంతట తాను మొలకెత్తిన గడ్డనే పెట్టుకోవాలె.

జూలైలో ఊరికి పోయినప్పుడు సంచులు దించకముందే ఇద్దరూ జాలారి కాడికి ఉరికిన్రు. అమ్మ పుదీన మడి అక్కడే. కూరగాయలు కడిగిన నీళ్లన్నీ దానికే. మా జిల్లాలో నీళ్ల కథ మామూలుది కాదు. ఫ్లోరైడు నీళ్లకు పండ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసుకుంట పెరిగినోళ్లం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తీసే పద్ధతికి ఆఫ్రికా దేశాల్లో సైతం 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లొస్తున్నయి. అయినా అమ్మ చెంబెడు నీళ్లు వట్టిగ పారబొయ్యదు. పుదీన గ్లాసు నీళ్లు సింకులో ఒంపుతున్నడని తెలిసిన రోజు చిన్నోనికి ఫోన్లో పడ్డ తిట్లు, చిన్నప్పుడు నాకు పడ్డవే.

పెద్దదాని కన్ను మాత్రం కల్యామాకు, అదే కరివేపాకు చెట్టు మీద పడ్డది. దాని కొమ్మ గుచ్చితే బతికేది తక్కువ. చెట్టు చుట్టూ వేర్ల నుంచి లేచిన పిలకల్లో ఒకటి కవర్లో తీసుకపోదామన్నది. ఆకైనా మొక్కైనా అమెరికాలోకి రానియ్యరన్న. ఎందుకని అడిగితే, రూలు అన్న. ఆ జవాబుకు ఊకునే పిల్ల కాదది.

మా నాయిన బత్తాయి రైతు. పిల్లను తోటకు తోలుకపోయి, లేత చిగుర్లు తిప్పితిప్పి చూసి, తోక పైకెత్తి కూసున్న చిన్న పురుగును చూపించిండు. సిట్రస్ సిల్లా. బత్తాయికి, నిమ్మకు గ్రీనింగ్ తెగులును మోసేది అదే, కల్యామాకు మీద కూడా బతుకుతది. తెగులు పట్టిన చెట్టుకు ఆకు మచ్చలు మచ్చలుగా పసుపెక్కి, కాయ చిన్నగా, చేదుగా మిగులుతది. నయం చేసే మందు లేదు. 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డంక అక్కడి నారింజ తోటలు ఎంత దెబ్బతిన్నయో నేను చెప్పిన. "వాళ్ల తోటలు వాళ్లు కాపాడుకుంటున్రు, తప్పేముంది?" అన్నడు నాయిన. అమెరికా రూలుకు అమెరికా పిల్లకంటే ముందు గుర్రంపోడు రైతే ఒప్పుకున్నడు.

బయల్దేరే రోజు నా సూట్‌కేసు పెద్దదే సర్దింది. కారప్పొడి డబ్బాల నడుమ అమ్మ దాచిన కల్యామాకు రెబ్బలు తీసి మంచం మీద పెట్టింది. అమ్మ నా దిక్కు ఉరిమి చూసింది.

"నన్నెందుకు చూస్తవే, నాయిననడుగు" అన్న.