పటం పక్కన పెట్టుకుని ‘కెప్టెన్ బ్లడ్’: మూడో వారం

రాఫెల్ సబాటినీ 1922లో ప్రచురించిన ఈ సాహస నవలలో 31 అధ్యాయాలు ఉండగా, వారానికి ఐదు రోజులు, రోజుకొక అధ్యాయం చొప్పున నేటికి పదిహేను పూర్తిచేశాను. ఒక్కో అధ్యాయానికి సుమారు 45 నిమిషాలు పడుతున్నది. రచయిత 1950లోనే మరణించినందున మన దేశంలో 60 ఏళ్ల కాపీరైట్ గడువు ముగిసింది. కనుక ఉచితంగా దొరికే ప్రతినే దించుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతున్నాను.

మొదటి వారమంతా ఓడ పరిభాషతోనే సరిపోయింది. ఓడ ముందుభాగం వైపు తిరిగి నిలబడితే ఎడమ పక్క లార్‌బోర్డ్, కుడి పక్క స్టార్‌బోర్డ్ అని నోటుపుస్తకం మొదటి పేజీలో బొమ్మ గీసుకున్నాక నిఘంటువుతో పని బాగా తగ్గింది.

కరీబియన్ పటాన్ని ఏ3 కాగితం మీద ప్రింటు తీయించి అట్టకు అంటించాను. అక్కడే ఒక పొరపాటు జరిగింది. సముద్రపు దొంగల స్థావరమైన టోర్టూగా అనుకుని వెనిజులా తీరంలో అదే పేరుగల దీవికి గుండుసూది గుచ్చాను. కథలోని టోర్టూగా హైతీకి ఉత్తరాన ఉన్నది. హిస్పానియోలా అన్న పేరు పటంలో కనిపించకపోతే హైతీ, డొమినికన్ రిపబ్లిక్ రెండూ ఉన్న దీవినే గుర్తుపెట్టుకోవాలి. ఈ సంగతి పదకొండో అధ్యాయంలో అక్కరకొచ్చింది. బందీగా చిక్కిన స్పానిష్ ఓడ నాయకుడు డాన్ డియేగో, బార్బడోస్ నుంచి పశ్చిమాన ఉన్న క్యురసావ్ దీవికి ఓడ నడుపుతానని మాటిచ్చి హిస్పానియోలాకు చేర్చాడని తెలియగానే, నేను క్యురసావ్ దాకా నమ్మకంగా గీసిన పెన్సిల్ గీతను చెరిపి వాయవ్యానికి మళ్లించవలసి వచ్చింది. పటం లేకుండా చదివివుంటే ఆ మోసం నాకింత గట్టిగా తగిలేది కాదు.

గాయపడిన తిరుగుబాటుదారుకు వైద్యం చేసినందుకు 1685లో శిక్షపడి, బార్బడోస్‌లో పది పౌండ్లకు అమ్ముడైన వైద్యుడు పీటర్ బ్లడ్ సముద్రపు దొంగగా మారిన కథ ఇది. అతడు మనసుపడిన అరబెల్లా కనిపించేది కొన్ని పేజీల్లోనే అయినా, అతడు తన ఓడకు ఆమె పేరే పెట్టుకోవడంతో ఆమె లేని యుద్ధాల్లోనూ ఆ పేరు వినిపిస్తూనే ఉంటుంది. ఈ ఏర్పాటు నాకెంతో నచ్చింది. సబాటినీ తల్లిదండ్రులిద్దరూ ఒపేరా గాయకులు కావడం వల్లనేమో, సంభాషణలు రంగస్థలం మీద పలికినట్లుంటాయి. అయితే బానిసలైన ఆంగ్లేయుల మీద చూపిన జాలిలో పదోవంతు కూడా ఆఫ్రికన్ బానిసల మీద చూపలేదన్నది నా అభ్యంతరం.

పదహారో అధ్యాయం వెనిజులాలోని మారకైబో సరస్సుకు సంబంధించినదని తెలిసింది. ఆ సరస్సుకు సముద్రంలోకి ఉన్న దారి ఇరుకు కావడంతో నా పటంలో అది సరిగా కనిపించడం లేదు. సోమవారంలోగా ఆ భాగాన్ని మాత్రం పెద్దదిగా చేసి మరో ప్రింటు తీయించాలి.