శ్రావణంలో చెవికి పట్టిన ఫంగస్

ముందు నొప్పి రాలేదు, దురద వచ్చింది. కుడి చెవి లోపల, వేలు అందని చోట. ఆగస్టులో విశాఖ ఉక్కపోత గురించి ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. వాన పడినా చల్లబడదు, ఆరేసిన బట్టలు ఆరవు, ఒంటి మీద జిడ్డు వదలదు. పైగా శ్రావణ మాసం. తలకి పోసుకోవడం, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని పూజ, వంట ముగించడం, ఆ తడి ఆరకముందే జడ వేసుకుని స్కూలుకి పరుగెత్తడం. అంతసేపూ ఆ తువ్వాలు చెవుల్ని కప్పేసే ఉంటుంది.

కొద్ది రోజులకి చెవి మూసుకుపోయినట్టయింది. ఫోను ఆ వైపు పెట్టుకుంటే సగం మాటలే వినపడేవి. తర్వాత నొప్పి మొదలైంది. చెవి డొప్ప పట్టుకుని కాస్త లాగినా, చెవి రంధ్రానికి ముందు పొడుచుకొచ్చినట్టుండే చిన్న భాగాన్ని నొక్కినా ప్రాణం పోయేది. ఇలా లాగితే, నొక్కితే నొప్పి ఎక్కువైతే గొడవ సాధారణంగా బయటి చెవి గొట్టంలో ఉన్నట్టు. జలుబు తర్వాత కర్ణభేరి వెనకాల వచ్చే ఇన్ఫెక్షన్‌లో డొప్ప లాగినా పెద్ద తేడా తెలియదు. రెండూ చెవిపోటే గానీ, వైద్యం వేరు.

మా అత్తగారిది విజయనగరం దగ్గర పల్లెటూరు. "ఎల్లుల్లి రెబ్బేసి నూనె కాసి రెండు చుక్కలు ఎయ్యమ్మా, పొద్దుటికి తగ్గిపోద్ది" అన్నారు. ఆవిడ నలుగురు పిల్లల్ని అలాగే పెంచారు, కాదనడం కష్టం. "లోపల కర్ణభేరికి చిల్లుందో లేదో తెలీకుండా ఏదీ పోయకూడదు అత్తయ్యా" అని సర్దిచెప్పాను. చిల్లుంటే నూనె నేరుగా మధ్య చెవిలోకి పోతుంది. కాచిన నూనె వేడి అంచనా తప్పితే గొట్టంలోని పల్చటి చర్మం కాలుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, వెనిగర్ చుక్కలు అని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు, వాటికీ ఇదే మాట.

వీధి చివర మెడికల్ షాపులో అడిగితే కుర్రాడు చెవి వైపు చూడకుండానే ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "అందరూ ఇవే వాడతారు మేడమ్." లేబుల్ చదివితే ఒక యాంటీబయాటిక్, ఒక స్టెరాయిడ్. సీసా తిరిగిచ్చేసి పారాసెటమాల్ మాత్రలు మాత్రం కొనుక్కున్నాను. ఆ రాత్రి ఒక 650 మాత్ర వేసుకుని, ఇస్త్రీ పెట్టెతో వెచ్చజేసిన పొడి గుడ్డని ముందు చేతి మీద చూసుకుని చెవికి ఆనించుకుని పడుకున్నాను. నొప్పి తగ్గించుకోవడానికి డాక్టర్ని కలవకముందు ఇంట్లో నిశ్చింతగా చేసుకోగలిగింది ఇంతే: మాత్రకీ మాత్రకీ కనీసం ఆరు గంటల ఎడం, రోజుకి నాలుగుకి మించకుండా. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు అదీ అడగకుండా వేసుకోకూడదు.

మాది ఎంవీపీ కాలనీ కాబట్టి పెదవాల్తేరులో ఉన్న ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి దగ్గర. పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "షుగరుందా?" లేదన్నాను. అయినా ఎందుకని అడిగాను. షుగర్ ఉన్నవాళ్లకి, ముఖ్యంగా పెద్ద వయసు వాళ్లకి, బయటి చెవి ఇన్ఫెక్షన్ ఒక్కోసారి కింది ఎముకలోకి పాకుతుందట. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి వస్తుందట. వాళ్ల విషయంలో ఇంటి వైద్యం అన్న మాటే లేదు, మొదటి రోజే రావాలి అన్నారు. మా మామగారికి షుగర్ ఉంది. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

లైటుతో లోపల చూసి, "ఫంగస్" అన్నారు. స్క్రీన్ మీద నాకూ చూపించారు. తడిసిపోయిన న్యూస్‌పేపర్ ముక్కని ఉండ చేసి కుక్కినట్టుంది, మధ్యలో నల్లటి చుక్కలు. ఆస్పర్జిల్లస్ అనే బూజు అలాగే కనపడుతుందట. మన తీరంలో ఈ తేమకి వానాకాలంలో ఇలాంటి చెవులు వస్తూనే ఉంటాయన్నారు. మెడికల్ షాపు సీసా సంగతి చెప్పాను. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాని చంపుతుంది, ఫంగస్‌ని కాదు. పైగా స్టెరాయిడ్ ఆ చోట రక్షణ శక్తిని తగ్గించి బూజుకి మేలు చేస్తుంది. ఇక కర్ణభేరికి చిల్లుంటే జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి మందులున్న చుక్కలు వినికిడినే దెబ్బతీయొచ్చు.

సక్షన్ గొట్టంతో శుభ్రం చేస్తుంటే చెవిలో గాలివాన హోరు, ఒక్క క్షణం తల తిరిగింది. నొప్పి పెద్దగా లేదు. ఆ చెత్త తీయకుండా ఎన్ని చుక్కలు వేసినా మందు చర్మానికి తగలదు, అందుకే ఆ పని ముందు. కర్ణభేరి బాగానే ఉందని చూసి, క్లోట్రిమజోల్ చుక్కలు రాసి, దురద పోయినా సరే రెండు వారాలు తక్కువ కాకుండా వేసుకోమన్నారు. బూజు తాలూకు విత్తనాలు మిగిలిపోతే మళ్లీ మొలుస్తాయి.

ఇంటి వైద్యం అప్పుడు మొదలైంది. సీసాని కాసేపు గుప్పిట్లో పట్టుకుని గోరువెచ్చగా చేయాలి. చల్లటి చుక్కలు పడితే లోపలి చెవి కంగారు పడి కళ్లు తిరుగుతాయి. పక్కకి తిరిగి పడుకుంటే మా ఆయన డొప్పని పైకీ వెనక్కీ లాగి చుక్కలు వేసేవారు. పెద్దవాళ్లకి గొట్టం అలా లాగితేనే తిన్నగా అవుతుంది. మూడేళ్ల లోపు పిల్లలకి మాత్రం కిందికీ వెనక్కీ లాగాలి. వేశాక ముందున్న ఆ చిన్న భాగాన్ని నెమ్మదిగా నొక్కి వదులుతుంటే మందు లోపలికి దిగుతుంది. అలాగే ఐదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. మా ఇంట్లో సరిగ్గా ఆ ఐదు నిమిషాల్లోనే కుక్కర్ విజిల్ వేసేది, కాలింగ్ బెల్ మోగేది. చుక్కలు వేశాక గొంతులో చేదు తెలిస్తే మాత్రం కర్ణభేరికి చిల్లుండొచ్చు, వేయడం ఆపి వెంటనే చెప్పమన్నారు.

అసలు కష్టం నీళ్ల దగ్గర. ఒట్టి దూది పెట్టుకుంటే నీళ్లు పీల్చి చెవికే అందిస్తుంది. దూదికి వ్యాజిలైన్ బాగా పట్టించి రంధ్రం బయటే పెట్టుకోవాలి, స్నానం కాగానే తీసేయాలి. తల మీద నీళ్లు పోసుకోవడం వీలైనంత తగ్గించాను. వరలక్ష్మీ వ్రతం నాడు మటుకు తప్పలేదు, హెయిర్ డ్రయ్యర్‌ని సన్న వేడి మీద పెట్టి, అడుగు దూరం నుంచి చెవిని ఆరబెట్టుకున్నాను. ఆదివారం పిల్లలు రుషికొండలో అలల్లో ఆడుతుంటే నేను ఒడ్డున చెప్పులకి కాపలా.

ఇయర్ బడ్లు, పిన్నీసులు ఇంట్లో చెవికి నిషేధం. గుబిలి మురికి అనుకుంటాం గానీ అది కాస్త పుల్లటి గుణంతో బూజుని అడ్డుకుంటుంది, దానంతటదే బయటికి జరుగుతూ వస్తుంది. బడ్ పెట్టి తిప్పితే లోపలికే తోస్తాం, చర్మం గీరుకుపోతుంది, ఆ గీరలోనే బూజు కూర్చుంటుంది. ఆన్‌లైన్ మీటింగుల ఇయర్‌ఫోన్లు కూడా చెవి మానేదాకా పక్కన పెట్టాను.

చెవి వెనకాల వాచి ఎర్రబడినా, మూతి ఒక పక్కకి వంకరపోయినా, తల తిరిగి వాంతులైనా, జ్వరం గట్టిగా వచ్చినా, వినికిడి ఒక్కసారిగా తగ్గినా చీటీలో రాసిన తేదీ దాకా ఆగొద్దని చెప్పి పంపారు. ఎదురింటి అమ్మాయి తన పాపకి చెవిపోటొస్తే నా చుక్కలు అడిగింది. ఇవ్వలేదు. ఆ పాపకి జలుబు, తేడా కర్ణభేరి వెనకాల, అక్కడికి చుక్కలు చేరవు. పిల్లల డాక్టర్ బరువుని బట్టి పారాసెటమాల్ సిరప్ రాసి, రెండు మూడు రోజులు చూద్దామన్నారట. చాలామంది పిల్లలకి అలాగే తగ్గిపోతుంది. ఆరు నెలల లోపు పసివాళ్లయితే మాత్రం చూద్దాం అనుకోకూడదు.

రెండోసారి వెళ్లినప్పుడు మిగిలిన చెత్త తీసి, గొట్టం శుభ్రంగా ఉందన్నారు. అప్పటికే వినికిడి మామూలైంది. అత్తగారు తన చెవి కూడా దిబ్బడ వేసిందని, సీసాలో అడుగున మిగిలింది వేయమని అడిగారు. వేయకుండా ఓపీకి తీసుకెళ్లాను. ఆవిడది ఫంగస్ కాదట, గుబిలి గట్టిపడిందట. మెత్తబడటానికి వేరే చుక్కలు రాశారు.