ఒడియా లిపిలో తెలుగు కవితలు: కళాశాల రికార్డుల వెదుకులాటలో నా అనుభవం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆ తరువాత ఇళ్లలో తెలుగు నిలిచింది గానీ, కార్యాలయాల కాగితాలు ఒడియాలోకి మారాయి. నేను చదివిన కళాశాలలో తెలుగు విద్యార్థులు ఏటా జరుపుకొన్న కవితాపఠన సభల రికార్డులను వెదకబోయినప్పుడు ఆ మార్పు నాకు ప్రతి పుటలోనూ కనిపించింది.

అర్జీ పెట్టుకున్న రెండు నెలలకు అనుమతి వచ్చింది. బడబాబు (హెడ్ గుమాస్తా) గారు స్వయంగా తాళం తీసి, బీరువా అడుగు అరలోంచి రెండు రిజిస్టర్లు, ఒక నోటీసు పుస్తకం, పదకొండు క్యాసెట్లు తీసి నా ముందు పెట్టారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి ఆ గదిలోకి వాననీరు దిగిందట. అతుక్కుపోయిన పుటలను బలవంతంగా విప్పకుండా, విడిగా ఉన్నవాటికే ఫొటోలు తీసుకున్నాను.

అసలు కష్టం చదవడంలో ఎదురైంది. పేర్లు, శీర్షికలు తెలుగువే అయినా గుమాస్తా గారు వాటిని ఒడియా లిపిలో రాశారు. ఆ లిపిలో ఎ, ఏలకు వేరు వేరు అక్షరాలు లేవు. ఒ, ఓలకూ అంతే. అందువల్ల ఒక శీర్షికను ‘మేడ మీద’ అనీ, ‘మెడ మీద’ అనీ చదవవచ్చు. విద్యార్థి రాసిన కవిత కదా, మేడే అయి ఉంటుందని నేను జాబితాలో అలాగే ఎక్కించాను. మూడో క్యాసెట్ వినేదాకా ఆ తప్పు తెలియలేదు: ఒక అబ్బాయి గొంతు సవరించుకొని చదివింది కాడి ఒరిపిడికి కాయకాచిన ఎద్దు మెడ గురించి. ఆ రాత్రి జాబితా మొత్తం మళ్లీ మొదటినుంచి సరిచూశాను. అయినా గుమాస్తా గారు రాసిన రూపాన్ని తీసివేయడం తప్పని నా నమ్మకం; అది కూడా ఈ ఊరి చరిత్రే. అందుకే జాబితాలో రెండు రూపాలనూ పక్కపక్కనే ఉంచాను.

మొదట క్యాసెట్లలో మాటలు మసకగా వినిపించాయి. రికార్డులు బాగుచేసే మిత్రుడొకరు ప్లేయరు హెడ్ (టేపును చదివే భాగం) పక్కనున్న చిన్న స్క్రూను కొద్దిగా తిప్పగానే శ, సలు విడివడి స్పష్టంగా పలికాయి. బూజు పట్టిన రెండింటిని మాత్రం ప్లేయరులో పెట్టలేదు; ఆ బూజు హెడ్‌కు అంటుకొని మిగతా టేపులకూ పాకుతుంది. తొమ్మిదింటిని 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైళ్లుగా (కంప్యూటర్ ధ్వని ఫైళ్లుగా) మార్చి, ఒక ప్రతిని కళాశాలకు అప్పగించాను.

మన చట్టం ప్రకారం కవితపై హక్కు కవి మరణానంతరం కూడా 60 ఏళ్లు ఉంటుంది కనుక, ఆ సభల్లో కవితలు చదివిన వారికి, వారిలో ఇప్పుడు బతికి లేనివారి కుటుంబాలకు ఉత్తరాలు రాశాను. ఇప్పటికి ఐదు జవాబులు వచ్చాయి. మిగిలినవి వచ్చేదాకా ఆ గొంతులను గ్రంథాలయంలో కూర్చొని వినడానికే ఒప్పుకున్నాము.