సోప్రానో బాడీ, కాన్సర్ట్ మెడ: లాంగ్ నెక్ ఉకులేలే ఎంచుకోవడం

ఉకులేలే అంటే గిటార్‌లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం. దాని మామూలు సైజుల్లో అన్నిటికంటే చిన్నదైన సోప్రానో శబ్దం బాగా నచ్చింది, కానీ వేళ్లు ఇరుక్కుంటున్నాయి అంటే చాలామంది ఇచ్చే సలహా ఒకటే: దానికంటే ఒక మెట్టు పెద్దదైన కాన్సర్ట్ సైజు తీసుకో అని. దాంతో వేళ్ల ఇబ్బంది తగ్గుతుంది. కానీ బాడీ పెద్దదయ్యేసరికి, కొట్టగానే టక్కున పలికి టక్కున ఆగిపోయే ఆ సోప్రానో గుణం కూడా పోతుంది. లాంగ్ నెక్ సోప్రానో తయారైంది ఈ ఇబ్బందికే. బాడీ సోప్రానోదే, సుమారు తొమ్మిదిన్నర అంగుళాల పొడవు. మెడ మాత్రం కాన్సర్ట్‌ది. నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) నుంచి సాడిల్ (బాడీ మీది బ్రిడ్జిలో తీగలు ఆనే పట్టీ) దాకా తీగ పొడవు, అంటే స్కేల్, మామూలు సోప్రానోలో 13.5 అంగుళాల దగ్గర ఉంటే ఇందులో 15 అంగుళాల దగ్గర ఉంటుంది. కొందరు తయారీదారులు దీన్నే సూపర్ సోప్రానో అంటారు. కాన్సర్ట్ కంటే పెద్ద సైజైన టెనార్ మెడ పెట్టినదాన్ని కూడా అదే పేరుతో అమ్మేవాళ్లున్నారు కాబట్టి పేరు చూసి కొనకండి. నట్ నుంచి 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దాకా టేపుతో కొలిచి రెండింతలు చేస్తే అసలు స్కేల్ తెలిసిపోతుంది.

కొనే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ వేళ్లు ఇరుక్కుంటున్నది మెడ పొడవునా, లేక అడ్డంగానా? ఈ రెండూ వేరువేరు సమస్యలు. మెడ పొడవు పెరిగితే తీరేది మొదటిదే.

డి కార్డ్ (కార్డ్ అంటే ఒకేసారి కలిపి పలికించే స్వరాలు) తీసుకోండి. రెండో ఫ్రెట్‌లో మూడు పక్కపక్క తీగలు నొక్కాలి. 35 మి.మీ. వెడల్పు నట్ మీద బయటి తీగల మధ్య దూరం 28 మి.మీ. దాకా ఉంటుంది, అంటే తీగకూ తీగకూ మధ్య 9 మి.మీ. పైచిలుకు. పెద్దవాళ్ల వేలికొన వెడల్పు 14, 15 మి.మీ. ఉంటుంది. మూడు వేళ్లు ఒకే వరసలో పట్టవు, ఏటవాలుగా ఒకదాని వెనక ఒకటి జరగాల్సిందే. అలా జరగడానికి రెండో ఫ్రెట్‌లో మామూలు సోప్రానో ఇచ్చే చోటు 18 మి.మీ., లాంగ్ నెక్ ఇచ్చేది 20 మి.మీ. తేడా ఉంది గానీ గొప్పగా లేదు. ఇక్కడ నిజంగా పనికొచ్చేది వెడల్పాటి నట్. 38 మి.మీ. నట్ ఉంటే తీగల మధ్య దూరం 10 మి.మీ.కి చేరుతుంది. కాబట్టి మీ బాధ డి కార్డ్ ఒక్కటే అయితే, వెడల్పు నట్ ఉన్న మామూలు సోప్రానో చూసుకోండి, లేదా ఒకే వేలితో మూడు తీగలూ అదిమి పట్టడం నేర్చుకోండి. మెడ పొడవు కోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

మెడ మీద పైకి వెళ్లేకొద్దీ లెక్క మారుతుంది. పదో ఫ్రెట్ దగ్గర సోప్రానోలో వేలికి దొరికేది 11.4 మి.మీ. అక్కడ వేలు పెడితే పక్క ఫ్రెట్ లోహం మీదికి ఎక్కుతుంది, తీగ పలక్కుండా చచ్చిపోతుంది. లాంగ్ నెక్‌లో అదే చోట 12.7 మి.మీ. ఈ ఒకటిన్నర మి.మీ. లోపే అక్కడ కార్డ్ పలకడం, పలకకపోవడం తేలిపోతుంది. పాట రాగాన్నీ కార్డ్‌లనూ కలిపి ఒక్క ఉకులేలే మీదే వాయించాలనుకునేవాళ్లకు లాంగ్ నెక్ కొనడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. దీనికి ఎదురుఖర్చు కూడా ఉంది: మొదటి ఫ్రెట్ నుంచి ఐదో ఫ్రెట్ దాకా చాపాల్సి వస్తే వేళ్లు ఇంకో 7 మి.మీ. ఎక్కువ సాగాలి. చిన్న చేతులవాళ్లు కొనే ముందు ఇది వాయించి చూసుకోవాలి.

తర్వాత మెడ బాడీని ఎక్కడ కలుస్తోందో చూడండి. సోప్రానోలో సాధారణంగా 12వ ఫ్రెట్ దగ్గర కలుస్తుంది. బ్రిడ్జిని అదే చోట ఉంచి స్కేల్‌ను 15 అంగుళాలు చేస్తే కలిసే చోటు దాదాపు 14వ ఫ్రెట్‌కి వస్తుంది. మంచి లాంగ్ నెక్‌లు ఇలాగే ఉంటాయి. బ్రిడ్జి బాడీ కింది భాగపు నడిమధ్యలో, పలక బాగా కదిలే చోటే ఉండిపోతుంది, పైగా రెండు ఫ్రెట్లు అదనంగా చేతికందుతాయి. 15 అంగుళాల స్కేల్ పెట్టి కూడా 12వ ఫ్రెట్ దగ్గరే కలిపితే బ్రిడ్జి ముప్పావు అంగుళం తోక వైపు జరిగిపోతుంది. అంచుకు దగ్గరయ్యేకొద్దీ పలక బిగుసుకుపోతుంది, శబ్దం సన్నబడుతుంది. అలాంటిది కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

14వ ఫ్రెట్ కలయిక వల్ల కుడిచేతికీ ఒక మార్పు వస్తుంది. తీగ సరిగ్గా సగం దగ్గర, అంటే 12వ ఫ్రెట్ మీద, మీటితే మెత్తటి శబ్దం వస్తుంది. సోప్రానోలో ఆ చోటు మెడా బాడీ కలిసే దగ్గరే ఉంటుంది కాబట్టి చెయ్యి తనంతట తనే అక్కడ వాలుతుంది. లాంగ్ నెక్‌లో ఆ చోటు మెడ మీదికి రెండు ఫ్రెట్లు జరుగుతుంది. అలవాటు ప్రకారం బాడీ మొదట్లో కొడితే శబ్దం కాస్త పదునుగా వస్తుంది. అది వాయిద్యం లోపం కాదు, చెయ్యి కొంచెం ఎడమకు జరపండి.

ఇక తీగలు. కొత్తగా కొన్నవాళ్లు బిగుసుకుపోయి ఉందని ఫిర్యాదు చేసేది ఈ విషయంలోనే. ఒకే తీగను ఒకే శ్రుతికి బిగిస్తే బిగువు పొడవు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 13.5 నుంచి 15 అంగుళాలకు పొడవు పెరిగేది 11 శాతమే అయినా బిగువు 23 శాతం పెరుగుతుంది. సోప్రానో కోసమే చేసిన లావు తీగలు దీని మీద వేస్తే వేళ్లు నొప్పెడతాయి, శబ్దం గట్టిగానే ఉన్నా కరుకుగా మారుతుంది. కాన్సర్ట్‌కి చేసిన సెట్ వేయండి. అక్విలా కంపెనీ తీగలు వాడేవాళ్లు సోప్రానో సెట్ 4యు బదులు కాన్సర్ట్ సెట్ 7యు అడగాలి. మార్టిన్ ఎం600 ఫ్లోరోకార్బన్ సెట్ రెండు సైజులకూ నడుస్తుంది, సన్నగా ఉంటుంది కాబట్టి లాంగ్ నెక్ మీద బాగా కుదురుతుంది.

తీగలు మార్చకుండా ఇంకో దారి కూడా ఉంది, శ్రుతి దించడం. నాలుగు తీగలనూ ఒక సెమీటోన్ (ఒక ఫ్రెట్ అంత శ్రుతి తేడా) దించితే బిగువు 11 శాతం తగ్గుతుంది. రెండు సెమీటోన్లు దించి ఎఫ్, బి ఫ్లాట్, డి, జి చేస్తే 20 శాతం తగ్గి, మామూలు సోప్రానో బిగువుకు దాదాపు సమానమవుతుంది. అదే తీగలు, అదే మెత్తదనం, శ్రుతి మాత్రం కిందికి. మామూలు సి శ్రుతిలో (జి, సి, ఇ, ఎ) పాట ఎత్తుగా అనిపించే గొంతులకు ఇది చక్కగా సరిపోతుంది. సోప్రానో మీద ఇంత కిందికి దిగితే తీగలు వదులై ఫ్రెట్లకు కొట్టుకుంటాయి. స్టీల్ తీగలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు, పలచటి పై పలక నుంచి బ్రిడ్జి ఊడి వస్తుంది.

లో జి, అంటే మామూలు జి కంటే ఒక స్థాయి (ఆక్టేవ్) కింద పలికే తీగ, వేసుకుందామని కొందరు లాంగ్ నెక్ కొంటారు. పొడవు తీగ కాబట్టి సోప్రానో కంటే లో జి బాగానే నిలబడుతుంది. కానీ 196 హెర్ట్జ్ స్వరాన్ని నిండుగా మోయడానికి ఈ చిన్న బాడీలో గాలి చాలదు. లో జి ముఖ్యమైతే టెనార్ కొనుక్కోండి. వేసే తీరాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మామూలు జి తీగ మందం 0.6 మి.మీ. అయితే చుట్టు లేని లో జి తీగ 0.9 మి.మీ. ఉంటుంది. నట్‌లోని గాడి వెడల్పు చేయకుండా బలవంతంగా కూర్చోబెడితే తీగ పైనే నిలబడి మొదటి ఫ్రెట్‌లో అపశ్రుతి పలుకుతుంది. గాడి ఒకసారి వెడల్పయ్యాక పాత సన్నతీగ అందులో అటూఇటూ ఆడుతుంది.

బరువు కూడా చూసుకోవాలి, దుకాణంలో చాలామంది పట్టించుకోరు. చిన్న బాడీకి పొడవు మెడ, దాని కొసన తీగలు బిగించే నాలుగు గేర్ ట్యూనర్లు. వాయించే భంగిమలో పట్టుకుని ఎడమచెయ్యి వదిలేయండి. తల భాగం కిందికి జారిపోతుంటే వాయించినంతసేపూ ఎడమచేత్తో మెడను మోస్తూనే ఉండాలి, అప్పుడు కార్డ్‌లు మార్చడం కష్టమవుతుంది. గేర్ లేని ఫ్రిక్షన్ పెగ్‌లు తేలిక, కానీ ఒకటికి ఒకటి తిరుగుతాయి కాబట్టి శ్రుతి చేయడానికి ఓపిక కావాలి. మధ్యే మార్గం గోటో యుపిటి లాంటి ప్లానెటరీ ట్యూనర్లు. బయటికి పెగ్‌లాగే కనిపిస్తాయి, లోపల నాలుగుకు ఒకటి గేర్ ఉంటుంది. బెల్టు కోసం బొత్తాం బిగించాలనుకుంటే ముందు శబ్దరంధ్రంలోంచి లైటు వేసి తోక వైపు చెక్క దిమ్మ ఉందో లేదో చూడండి. దిమ్మ లేనిచోట రంధ్రం పెడితే పక్క పలక చీలుతుంది.

చేతిలోకి తీసుకున్నాక పరీక్ష త్వరగానే అవుతుంది. తల వైపు నుంచి మెడ వెంబడి కంటితో చూడండి. ఈ సైజుల్లో చాలావాటికి మెడ లోపల సరిచేసే ఇనుప కడ్డీ ఉండదు, వంగిన మెడ ఇంట్లో సరికాదు. 12వ ఫ్రెట్ మీద తీగ ఎత్తు 2.5 మి.మీ. దగ్గరుండాలి. ఎక్కువుంటే సాడిల్ అడుగు అరగదీయొచ్చు: 12వ ఫ్రెట్ దగ్గర అర మి.మీ. తగ్గాలంటే సాడిల్ కింద ఒక మి.మీ. తీయాలి. రెండు, మూడు ఫ్రెట్ల మధ్య తీగ నొక్కి పట్టి మొదటి ఫ్రెట్ మీద చూడండి. కాగితం దూరేంత సందు చాలు, అంతకు మించి ఉంటే నట్ ఎత్తుగా ఉన్నట్టు. చివరగా ప్రతి తీగనూ 12వ ఫ్రెట్ దగ్గర ఒకసారి నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం (హార్మోనిక్), ఒకసారి నొక్కి స్వరం వినండి. శ్రుతి కొలిచే ట్యూనర్‌లో తేడా 5 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంట్) దాటితే వేరేది చూపించమనండి.

మోడళ్ల విషయానికొస్తే, ఒహానా ఎస్‌కే-30ఎల్ సాలిడ్ (పొరలు లేని అసలు చెక్క) మహాగనీతో పాతకాలపు పొడి శబ్దం ఇస్తుంది. హోనలూలూలో చేసే కోఅలోహా లాంగ్ నెక్ కోవా అనే హవాయి చెట్టు చెక్కతో, ఖరీదెక్కువ, శబ్దం చాలా దూరం వెళుతుంది. మ్యాజిక్ ఫ్లూక్ వాళ్ల ఫ్లీ కాన్సర్ట్ కూడా నిజానికి లాంగ్ నెక్ సోప్రానోనే. వెనక భాగం అచ్చు పోసిన ప్లాస్టిక్ కాబట్టి తేమకు భయపడదు.

తేమ మాట ఎందుకంటే సాలిడ్ చెక్కకు 45 నుంచి 55 శాతం మధ్య గాలి తేమ కావాలి. వైజాగ్ సముద్రపు గాలిలో పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. హైదరాబాద్‌లో మే నెలంతా ఏసీ నడిచే గదిలో ఫ్రెట్‌బోర్డ్ కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు చేతికి గుచ్చుకుంటాయి. ఎక్కువగా ఏసీలో ఉండే వాయిద్యమైతే కేసులో ఒక తేమ ప్యాకెట్ పెట్టి మూసి ఉంచండి. అంత శ్రద్ధ కుదరదనుకుంటే ల్యామినేట్ (పొరలు అతికించి చేసిన చెక్క) తీసుకోండి. మెడ, నట్, ఫ్రెట్లు సరిగ్గా ఉన్న ల్యామినేట్, సరిగ్గా లేని సాలిడ్ కంటే ఎప్పుడైనా బాగా వాయించనిస్తుంది.