రిపోర్టులో నాలుగో లైను

నాలుగేళ్ల క్రితం నా ఎడమ రొమ్ములోంచి చిన్న గడ్డ తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు చూసి డాక్టరు గారు, "బినైన్ అమ్మా, క్యాన్సర్ కాదు" అన్నారు. ఆ మాటకే కళ్లనీళ్లు ఆగలేదు. ఫైలు తెరవకుండానే బీరువాలో పెట్టేశాను.

పోయిన ఏడాది మా అక్కకీ గడ్డ తగిలింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని వాళ్ల డాక్టరు అడిగితే, "నీ రిపోర్టు ఫోటో తీసి పంపవే" అని ఫోన్ చేసింది. అప్పుడు మొదటిసారి చదివాను. నాలుగో లైనులో ఉంది: ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా. పాలనాళాల లోపల కణాలు అతిగా పెరిగాయి, వాటి తీరు కూడా మామూలుగా లేదు అని అర్థం. అక్కది మామూలు ఫైబ్రోఎడినోమా, అంటే కణాల తీరు సాధారణంగానే ఉండే గడ్డ అని తేలింది. ఇద్దరివీ క్యాన్సర్ కాని గడ్డలే. అయినా రెండూ ఒకటి కావు.

ఈ తేడా 1985లోనే బయటపడింది. బయాప్సీలో, అంటే రొమ్ములోంచి ముక్క తీసి చేసే పరీక్షలో, క్యాన్సర్ లేదని తేలిన 3,303 మంది స్త్రీల వివరాలు డ్యూపాంట్, పేజ్ అనే పరిశోధకులు పరిశీలించారు. కణాలు అతిగా పెరగని వాళ్లకు తర్వాత రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు పెరగలేదు. బయాప్సీ చేయించుకున్నవాళ్లలో 70 శాతం ఆ కోవలోనివాళ్లే. వాళ్లతో పోలిస్తే నాలాంటివాళ్లకు ముప్పు ఐదు రెట్లు.

ఐదు రెట్లు అని చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. దేనికి ఐదు రెట్లో తెలియకపోతే ఆ అంకె ఊరికే భయపెడుతుంది. నాకు పనికొచ్చింది అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వాళ్ల లెక్క. ఎటిపియా, అంటే నాలా కణాల తీరు మామూలుగా లేకపోవడం, ఉన్న వంద మందిలో 25 ఏళ్లలో సుమారు 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. తక్కువేం కాదు. కానీ మిగతా 70 మందిలో నేనూ ఉండొచ్చు కదా అని ఆ రోజు అనుకోగలిగాను.

ఇంకో సంగతి. 2015లో అమెరికాలో 115 మంది పెథాలజిస్టులకు, అంటే కణాలను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టర్లకు, రొమ్ము బయాప్సీ స్లైడ్లు ఇచ్చి చూశారు. చుట్టూ పాకిన క్యాన్సర్‌ను గుర్తించడంలో వాళ్ల మాట నిపుణుల మాటతో 96 శాతం కలిసింది. ఎటిపియా దగ్గరికొచ్చేసరికి 48 శాతమే! అందుకే నా స్లైడ్లు తీసుకెళ్లి వేరే పెథాలజిస్టుకు చూపించాను. ఆవిడా ఎటిపియా అనే అన్నారు.

టామాక్సిఫెన్ అనే మందు వేసుకోవాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను. ముప్పు ఎక్కువున్న స్త్రీలలో అది రొమ్ము క్యాన్సర్‌ను దాదాపు సగానికి తగ్గిస్తుందని 1998లో 13,388 మందితో చేసిన ట్రయల్ చూపించింది. రక్తం గడ్డకట్టే ప్రమాదం, గర్భాశయ క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతాయి. రెండూ తూచుకుని మొదలుపెట్టాను. ఒళ్లంతా వేడి సెగలు వస్తున్నాయి, ఓర్చుకుంటున్నాను.

మొదటి డాక్టరు గారు అబద్ధం చెప్పలేదు. కానీ ఆ నాలుగో లైను నాకు చదివి వినిపించి ఉంటే, మధ్యలో పోయిన మూడేళ్లలో ఒక్క మామోగ్రామ్ అయినా చేయించుకునేదాన్ని.