క్లైడ్ ఒడ్డున నూలు మిల్లు ఊరు

చిలకలూరిపేట పక్కన గణపవరం స్పిన్నింగ్ మిల్లుల్లో షిఫ్టులు చేసినవాణ్ని స్కాట్లాండ్ తీసుకెళ్తే ఏం చూస్తానంటాడు? గ్లాస్గోలో చదువుకుంటున్న మా మేనల్లుడు కోటలు, సరస్సులతో పెద్ద లిస్టే రాసిపెట్టాడు. నేను పాత నూలు మిల్లుల ఊరు న్యూ లానార్క్ అన్నాను. "ఇంత దూరం వచ్చి మళ్లీ మిల్లేనా మావయ్యా!" అని విసుక్కున్నాడు గానీ, టికెట్లు తీసింది వాడే.

గ్లాస్గో సెంట్రల్ నుంచి లానార్క్‌కి రైలు. అక్కణ్ణుంచి లోయలోకి దిగుడు రోడ్డు, నడిచే పోవచ్చు. చాలాసేపు చెట్లే తప్ప ఊరు కనబడదు. ఒక మలుపు దాటాక మాత్రం రాతి మిల్లులు, వాటికెదురుగా పొడవాటి ఇళ్ల వరసలు, అవతల క్లైడ్ నది, అన్నీ ఒక్కసారే కాళ్ల కింద పరుచుకుంటాయి.

ఇంత లోతులో మిల్లు కట్టడానికి కారణం నీళ్లే. గ్లాస్గో వ్యాపారి డేవిడ్ డేల్ 1784లో రిచర్డ్ ఆర్క్‌రైట్‌ని ఇక్కడికి తీసుకొచ్చి జలపాతాలు చూపించాడు. నీటి బలంతో నూలు వడికే యంత్రం ఆర్క్‌రైట్‌ది. నది మీద చిన్న ఆనకట్ట వేసి, కొండరాయిని తొలిచి, సొరంగంలోంచి కాలవ తీసి, ఆ నీటిని మిల్లుల చక్రాల మీదికి మళ్లించారు. 1786కల్లా వడకడం మొదలైంది. కాలవ ఇప్పటికీ పారుతోంది. గట్టు మీద నిలబడి చూశాను, ఎక్కడా పెద్ద వాలు కనబడదు గానీ నీళ్లు ఉరుకుతున్నాయి.

నీళ్లయితే ఉన్నాయి, మనుషులు లేరు. బతుకుతెరువు లేక ఓడెక్కి అమెరికా పోదామనుకున్న హైలాండ్స్ (స్కాట్లాండ్ ఉత్తరాది కొండప్రాంతం) జనాన్ని డేల్ పనిలోకి పిలిచాడు. వాళ్లొచ్చిన కేత్‌నెస్ ప్రాంతం పేరు మీద కేత్‌నెస్ రో అనే వీధి ఇప్పటికీ ఉంది. వాళ్లూ చాలక అనాథ పిల్లల్ని తెచ్చుకున్నాడు. తిండి, బట్ట, పడక అన్నీ డేలే చూసేవాడు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి ఏడింటి దాకా పని, ఆ తర్వాత బడి. ఆ కాలానికి ఆయన దయగల యజమాని అనే పేరుంది. గ్లాస్గోలో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పెట్టిన సంఘానికి అధ్యక్షుడు కూడా. మిల్లుకొచ్చే పత్తి మాత్రం బానిసలు పండించినదే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు అంతుపట్టలేదు.

ఊరికి పేరు తెచ్చింది డేల్ అల్లుడు రాబర్ట్ ఓవెన్. వేల్స్ కుర్రాడు. ఇరవై దాటీ దాటకముందే మాంచెస్టర్‌లో మిల్లు మేనేజరయ్యాడు. భాగస్తులతో కలిసి ఈ మిల్లుల్ని 60,000 పౌండ్లకి బేరమాడి, డేల్ కూతుర్ని పెళ్లాడి, 1800 జనవరి 1న పగ్గాలు పట్టుకున్నాడు. పదేళ్లలోపు పిల్లల్ని పనిలోకి రానివ్వలేదు. పని గంటల్ని తర్వాత్తర్వాత పదిన్నరకి తగ్గించాడు. అమెరికా నుంచి పత్తి ఆగిపోయినప్పుడు నాలుగు నెలలు మిషన్లు శుభ్రం చేయించడం తప్ప వేరే పనే లేదు. అయినా పూర్తి జీతాలిచ్చాడు. 7,000 పౌండ్లకి పైగా ఖర్చయిందట. కరెంటు పోతే ఆ పూట కూలి కోసేసిన మిల్లుల్ని చూసినవాణ్ని కాబట్టి, ఈ సంగతి రాసిపెట్టిన బోర్డు ముందు కాసేపు నిలబడిపోయాను.

అయితే ఓవెన్‌ని దేవుణ్ని చేయడం నా వల్ల కాదు. ఇక్కడ సైలెంట్ మానిటర్ అని ఒకటి చూపిస్తారు. చిన్న చెక్క ముక్క, నాలుగు ముఖాలకి నాలుగు రంగులు. దాన్ని ప్రతి పనివాడి దగ్గరా వేలాడదీసేవారు. నిన్న పని చాలా బాగా చేస్తే తెలుపు, బాగా చేస్తే పసుపు, అంతంతమాత్రమైతే నీలం, చెడగొడితే నలుపు ముందుకు తిప్పేవారు. ఆ రంగుల్ని రోజూ రిజిస్టర్‌లో ఎక్కించేవారు కూడా. కొట్టడం, తిట్టడం ఉండదు, ఓవెన్ అలా నడుచుకుంటూ పోతే చాలు. మా సూపర్‌వైజర్ల తిట్లే నయమనిపించింది, అవి షిఫ్టుతో అయిపోయేవి. ఇళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడ్డానికి వారానికోసారి తనిఖీ ఉండేది. అలా వచ్చేవాళ్లని ఊరి ఆడవాళ్లు 'నల్లులు వెతికే బ్యాచ్' అన్న అర్థంలో తిట్టుకునేవారట. న్యాయమే కదా!

అప్పటి కార్మికుల ఇల్లు ఒకటి అలాగే ఉంచారు. కుటుంబమంతటికీ ఒక్కటే గది. గోడలో ఇమిడిన మంచం, దాని కింద చక్రాల మీద ఇంకో మంచం. రాత్రి అది బయటికి లాగితే పిల్లలకి పడక, పొద్దున తోసేస్తే నడవడానికి చోటు. మా వాడు తన హాస్టల్ గదిని తలుచుకుని ఏమీ మాట్లాడలేదు.

ఊరి కొట్టు కూడా ఉంది. అంతకుముందు అక్కడి కొట్లవాళ్లు నాసిరకం సరుకు అప్పు మీద అంటగట్టేవారు. ఓవెన్ సరుకు హోల్‌సేల్‌గా కొనిపించి తక్కువకి అమ్మించాడు. వచ్చిన లాభం బడికి. 1844లో ఇంగ్లాండ్‌లోని రాచ్‌డేల్ ఊరి కార్మికులు సహకార దుకాణం పెట్టుకోవడం వెనక ఓవెన్ ఆలోచనలున్నాయి. మన సొసైటీ స్టోర్లు, చేనేత సహకార సంఘాల వంశవృక్షం తిరగేస్తే ఈ కొట్టు పేరు కూడా తగులుతుంది. 1816లో తెరిచిన బడిలో నడక వచ్చిన పిల్లల్ని కూడా చేర్చుకునేవారు. దెబ్బల్లేవు, బహుమతుల్లేవు. గోడలకి జంతువుల బొమ్మలు, పెద్ద పెద్ద మ్యాపులు, పాటలు, డాన్సు. ఈ వింత చూడ్డానికి ఆ రోజుల్లోనే వేలమంది వచ్చారు. తర్వాత రష్యా చక్రవర్తి అయిన నికొలాస్ కూడా వచ్చి వెళ్లాడు.

మూడో నంబరు మిల్లులో మ్యూల్ అనే పాత నూలు వడికే యంత్రం ఒకటి ఇంకా తిరుగుతోంది. కదుళ్ల వరస మొత్తం చక్రాల మీద ముందుకొస్తూ దారాల్ని సాగదీసి మెలివేస్తుంది, వెనక్కి వెళ్తూ చుట్టుకుంటుంది. మా రింగ్ ఫ్రేములు కదలకుండా నిలబడే ఈ పనంతా చేస్తాయి. ఇలాంటి మిషన్ల కింద దూరి దూది ఏరింది చిన్న పిల్లలే. ఇప్పుడు వడికేది పత్తి కాదు, ఉన్ని. షాపులో ఒక కండె తీసి వేళ్ల మధ్య నలిపి చూశాను. ట్విస్ట్ బాగుంది. ధర చూసి ఉన్న చోటే పెట్టేశాను.

ఓవెన్ 1825కల్లా అమెరికాలోని ఇండియానాలో న్యూ హార్మనీ అనే ఆదర్శ గ్రామ ప్రయోగం మీద పడ్డాడు. ఆ ప్రయోగం రెండు మూడేళ్లకే చెదిరిపోయింది. ఈ మిల్లులు మాత్రం చేతులు మారుతూ, ఆఖర్లో వలలు, కాన్వాసు గుడ్డ తయారు చేస్తూ 1968 దాకా నడిచాయి. మూతపడ్డాక కొన్నాళ్లు తుక్కు వ్యాపారి చేతిలో పడి పాడైపోయాయి. స్థానికులు ట్రస్టు పెట్టుకుని ఒక్కో భవనాన్నీ బాగుచేసుకున్నారు. 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక మిల్లు ఇప్పుడు హోటల్. పాత వరసల్లో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి.

ఏటి వెంబడి పైకి నడిస్తే కోరా లిన్ జలపాతం వస్తుంది. 1927 నుంచి నీళ్లలో చాలా భాగం పవర్ స్టేషన్‌కి మళ్లిస్తున్నారు. అందుకే మామూలు రోజుల్లో అది సన్నగానే ఉంటుంది. వెళ్లదలుచుకుంటే గట్టి వానలు పడ్డాక వెళ్లండి, లేదా స్టేషన్ మరమ్మతుకి ఆపి నీళ్లన్నీ నదిలోకే వదిలే రోజులేవో కనుక్కుని వెళ్లండి. జారని బూట్లు వేసుకోండి, ఆ బాట వానకి బురదైపోతుంది.