దొర వేషం పది రోజులే

మా ఇంట్లో కుక్క ఉందని చెప్పగానే తిరుపతిలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "ఏం బ్రీడ్?" మా మామ అయితే "తిరుపతి బ్రీడ్" అని చెప్పి మళ్ళీ పేపర్లో తల దూర్చేస్తారు. దిక్కులేని కుక్కల్ని చేరదీసి దత్తత ఇచ్చే షెల్టర్ వాళ్ళు ఇచ్చిన కార్డులో "ల్యాబ్ క్రాస్, మగ, 10 నెలలు" అని రాసుంది. అందులో ల్యాబ్ (లాబ్రడార్) ఎంతో, నాటు ఎంతో వాడి అమ్మకే తెలియాలి. చెవులు ల్యాబ్ లాగా కిందికి వేలాడతాయి, కాళ్ళు మాత్రం అచ్చంగా వీధికుక్కవి, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా పరుగుకు సిద్ధంగా. కనీసం ఆ కాళ్ళు చూసైనా మాకు అర్థం కావాల్సింది.

పోయిన ఏడాది గంగమ్మ జాతర అయిపోయిన వారం తెచ్చుకున్నాం వాణ్ణి. రేణిగుంట వైపు ఊరి బయట ఉంటుంది ఆ షెల్టర్. మేం లోపలికి అడుగు పెట్టగానే నలభై కుక్కలు ఒక్కసారిగా జాలీ మీదికి ఎగబడ్డాయి, మా పాప భయపడి నా చున్నీ పట్టుకుంది. వీడొక్కడే మూలన గోడకు ఆనుకుని, ముందు కాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, మమ్మల్ని చూసీ చూడనట్టు చూశాడు. "ఇది మంచిది, నెమ్మది" అన్నాడు మా ఆయన. అక్కడ పనిచేసే అమ్మాయి మాత్రం దాచకుండా చెప్పింది, "వీడు చాలా యాక్టివ్ అక్కా, ఆలోచించుకోండి, ఇంతకు ముందు ఒక ఇంటికి వెళ్ళి తిరిగొచ్చాడు" అని. మేం ఆ అమ్మాయి మాట విన్నాం, కుక్క వైపు చూశాం, కుక్కనే నమ్మాం.

సొంతిల్లా అద్దిల్లా, కాంపౌండు గోడ ఎంత ఎత్తు, పగలు ఇంట్లో ఎవరుంటారు, కుక్కంటే పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని బోలెడు ప్రశ్నలు అడిగారు, ఒకరోజు వచ్చి ఇల్లు కూడా చూసి వెళ్ళారు. (పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదు.) పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అప్పటికే అయిపోయింది, రేబిస్ టీకా, నైన్ ఇన్ వన్ టీకా కార్డులో రాసున్నాయి. పెంచడం కుదరకపోతే వీధిలో వదలం, మీకే తెచ్చి అప్పజెబుతాం అని సంతకం పెట్టించుకున్నారు. ఆ సంతకం గురించి మళ్ళీ చెప్తా.

జాతరలో ఒక్కో రోజు ఒక్కో వేషం కడతారు కదా, బైరాగి, బండ, తోటి, దొర అని. వీడు ఇంటికొచ్చి హాల్లో ఫ్యాన్ కింద కాలు మీద కాలేసుకుని కూర్చున్న తీరు చూసి మామే పేరు పెట్టారు, "దొర" అని. మొదటి పది రోజులు నిజంగా దొరే. మొరగలేదు, దూకలేదు, పెట్టింది తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. "మనింట్లో ఏదో ఉంది, వచ్చీ రాగానే కుదురుకున్నాడు" అని మా చెల్లెలికి ఫోన్లో గొప్పలు చెప్పుకున్నా. కుదురుకోవడం కాదు, బిక్కచచ్చిపోయి ఉన్నాడు. కొత్తచోట కుక్కకు మొదటి మూడు రోజులు భయం, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు గానీ ఇది నా ఇల్లు అనుకోదు అని కుక్కల్ని దత్తత ఇచ్చేవాళ్ళు ఒక లెక్క చెప్తారు. అచ్చంగా అలాగే అన్ని కుక్కలకూ కాకపోవచ్చు గానీ, మా దొర పదకొండో రోజు పొద్దున వేషం తీసేశాడు.

ముందు వాషింగ్ మిషన్ వెనక పైపు పోయింది. తర్వాత మా ఆయన ఆఫీసు బూట్లలో ఎడమది (కుడిది ముట్టలేదు, అదే ఇంకా మంట). సోఫా మూల, పాప లెక్కల పుస్తకం, అత్తమ్మ ముగ్గు డబ్బా. ముగ్గు డబ్బాలో మూతి పెట్టి తెల్లటి మొహంతో వీధిలోకి పరిగెత్తినప్పుడు మామ మాత్రం నవ్వారు, "ఇప్పుడు బైరాగి వేషం" అని. అత్తమ్మ నవ్వలేదు. ఆమెకు మడి, తడి ఎక్కువ. కుక్కను తెద్దామన్నప్పుడే "అది వంటింటి గడప దాటకూడదు, అంతే" అని ఒక్క షరతు పెట్టింది. దొర ఆ షరతును రోజుకు ఎన్నిసార్లు తప్పేవాడో లెక్కపెట్టడం మానేశాం.

సరే, వీడికి ఒంట్లో శక్తి ఎక్కువైంది, అలసిపోయేలా చెయ్యాలి అనుకున్నాం. అందరూ అదే చెప్పారు. పొద్దున 5 గంటలకు నేను, సాయంత్రం మా ఆయన. ఎండాకాలం తిరుపతిలో 8 దాటితే తారు రోడ్డు మీద చెయ్యి తిరగేసి ఐదు సెకన్లు పెట్టలేం, ఇక వాడి పాదాలు ఏం ఓర్చుకుంటాయి, అందుకే చీకటితోనే లేవాలి. అలిపిరి వైపు, యూనివర్సిటీ వైపు మాత్రం తీసుకుపోం. ఆ పక్కంతా శేషాచలం అడవి అంచు, క్యాంపస్ లోకి చిరుత వచ్చిందని పేపర్లో చదువుతూనే ఉంటాం, చిరుతకు కుక్క అంటే తేలిగ్గా దొరికే భోజనం. మాది తిరుచానూరు రోడ్డు పక్క కాబట్టి స్వర్ణముఖి ఇసుకలోకి వెళ్ళేవాళ్ళం. 2021 నవంబరులో ఊళ్ళను ముంచిన ఏరేనా ఇది అనిపిస్తుంది ఎండాకాలంలో చూస్తే, పొడుగు తాడు కట్టి వదిలితే కుక్క పరిగెత్తినంత మేరా ఇసుకే.

అరగంట నడిపిస్తే సరిపోలేదు, గంట చేశాం. గంట సరిపోలేదు, బంతి విసరడం మొదలుపెట్టాం. నెల తిరిగేసరికి ఏమైందంటే, మేం ఇద్దరం చిక్కిపోయాం, దొర మాత్రం పందేలకు తయారుచేసిన గుర్రంలా అయ్యాడు. రెండు గంటలు పరిగెత్తి ఇంటికొచ్చి, నీళ్ళు తాగి, ఇంకేంటి అన్నట్టు చూసేవాడు. సాయంత్రం 7 అయ్యేసరికి పిచ్చి పట్టినట్టు హాలంతా గిరగిరా తిరగడం, చీర కొంగు పట్టుకుని లాగడం, చేతులు కొరకడం. కోపంతో కాదు, ఆటగానే, కానీ 18 కిలోల ఆట.

ఒకరోజు ఇసుకలో నెమలి కనపడింది. తాడు నా చేతికి చుట్టుకుని ఉంది. మోకాలు, మోచెయ్యి, గడ్డం, మూడూ గీసుకుపోయాయి. ఇంటికొచ్చి డెట్టాల్ రాసుకుంటూ ఆ సంతకం కాగితం వెతికి షెల్టర్‌కు ఫోన్ చేశా. సిగ్గుగానే ఉంది గానీ చేశా. "మా వల్ల కావట్లేదమ్మా" అన్నా.

ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు, బతిమాలలేదు. "పగలు ఎంతసేపు పడుకుంటున్నాడక్కా?" అని అడిగింది.

నాకు జవాబు తెలీలేదు. పడుకోవడమా? పొద్దున ఇసుక, తర్వాత పాప ఆట, నేను పనిలో కూర్చుంటే నా కాళ్ళ దగ్గర బొమ్మ, మధ్యాహ్నం గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ మీద కాపలా, సాయంత్రం బంతి. వాడు పడుకోబోతే మేమే "పాపం బోర్ కొడుతోందేమో" అని లేపి ఆడించేవాళ్ళం. ఈ వయసు కుక్కకు రాత్రీ పగలూ కలిపి 14 నుంచి 16 గంటలు నిద్ర కావాలట. నిద్ర చాలని చిన్నపిల్లలు సాయంత్రం ఎలా ఏడ్చి గోల చేస్తారో చూశాం కదా, అదే ఇది. పిల్లవాడైతే ఏడుస్తాడు, వీడు కొంగు లాగుతాడు. మేం శక్తి ఎక్కువైందని పరిగెత్తిస్తున్నాం, పరిగెత్తించేకొద్దీ వాడి స్టామినా పెరుగుతోంది, నిద్ర తగ్గుతోంది. రెండు చేతులా మేమే తయారుచేసిన గోల.

ఆ అమ్మాయి చెప్పిన రెండో సంగతి ముక్కు. కాళ్ళకు పని తగ్గించి ముక్కుకు పెంచమంది. నడకలో తొందరపెట్టి లాక్కుపోకుండా, ప్రతి స్తంభం దగ్గరా వాడికి కావలసినంత సేపు వాసన చూడనివ్వాలి. అరగంటలో మూడు వీధులు కూడా దాటం ఇప్పుడు, ఎదురింటివాళ్ళు నవ్వుతారు. తిండి కూడా గిన్నెలో పెట్టడం మానేశాం. రాగి సంగటి, ఉడికించిన కోడి కలిపి చిన్న ఉండలు చేసి, పాత పేపర్లలో చుట్టి, అట్టపెట్టెలో, గోనెసంచి మడతల్లో, కుండీల వెనక దాచిపెడతాం. వాడు ముక్కుతో వెతుక్కుంటాడు. ఇరవై నిమిషాల ఈ పనితో గంట పరుగుకు రాని నిద్ర వస్తుంది. ఆ తర్వాత లోపలి గదిలో కర్టెన్ వేసి, గోనెపట్టా పరిచి, తలుపు దగ్గరికి వేస్తాం. మొదటి మూడు రోజులు తలుపు గీకాడు. నాలుగో రోజు గురక వినపడింది, నేను వెళ్ళి మామను కూడా పిలుచుకొచ్చి వినిపించా.

ఇంతటితో బుద్ధిమంతుడైపోయాడని రాస్తే అబద్ధం. లడ్డూ సంగతి చెప్పాలి.

ఆగస్టులో మా ఆడపడుచు వాళ్ళు కొండకు వెళ్ళొచ్చి ప్రసాదం తెచ్చారు. అత్తమ్మ దేవుడి గదిలో పళ్ళెంలో పెట్టి, మూత పెట్టి, బయటికి వచ్చింది. రెండు నిమిషాలు. మూత చప్పుడు వినపడి వెళ్ళేసరికి పెద్ద లడ్డూ ఒకటి మొత్తం లేదు, దొర పళ్ళెం నాకుతున్నాడు. "దేవుడి ప్రసాదమే కదా, పోనీలే" అంది అత్తమ్మ, ఆమె నోటి నుంచి ఆ మాట రావడమే నాకు ఆశ్చర్యం. కానీ లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను పాడు చేస్తాయి, ఎన్ని తింటే ప్రమాదమో లెక్క లేదు, కొన్నిటికి ఏమీ కాదు, కొన్నిటికి గుప్పెడు కూడా అక్కర్లేదు. మా ఆయన స్కూటర్ తీశాడు, నేను వెనక కూర్చుని వాణ్ణి ఒళ్ళో పట్టుకున్నా. డాక్టరు మొదట అడిగింది ఎంతసేపైంది అని. నలభై నిమిషాలు. ఇంజెక్షన్ ఇచ్చి కక్కించారు. ద్రాక్షలు అలాగే ఉబ్బి బయటికొచ్చాయి, డాక్టరు చూపించి మరీ చెప్పారు, తిన్నాక ఎంత త్వరగా తెస్తే ఇది అంత బాగా పనిచేస్తుందని. సెలైన్ ఎక్కించారు, రెండు రోజులు ఆగి రక్తం తీసి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ చూశారు. బాగానే ఉంది.

అప్పుడే తెలిసిన ఇంకో సంగతి. ద్రాక్షలో హాని చేసేది టార్టారిక్ ఆమ్లమని ఇప్పుడు పశువైద్యులు భావిస్తున్నారు, అది చింతపండులో దండిగా ఉంటుంది. అంటే పులిహోర, పులుసు, రసం అన్నం, మనం ప్రేమగా "మిగిలింది కదా" అని కుక్కకు కలిపి పెట్టేవన్నీ. ఉల్లిపాయ మంచిది కాదని ముందే తెలుసు, చింతపండు సంగతి ఎవరూ చెప్పలేదు. తోతాపురి మామిడి సీజనులో టెంక కూడా వాడికి అందనివ్వం, మింగితే పేగులో ఇరుక్కుంటుంది.

ఆ రెండు రోజులూ అత్తమ్మ వాడి పక్కనే చాప వేసుకుంది. దేవుడి గదికి ఇప్పుడు నడుమెత్తు తలుపు వచ్చింది, వడ్రంగికి చెప్పి చేయించింది ఆమే. ఎప్పటి నుంచో సరిగ్గా గుర్తులేదు గానీ, అప్పటిదాకా "అది అన్నం తిన్నదా" అని అడిగే మనిషి "వాడు తిన్నాడా" అనడం మొదలుపెట్టింది. వంటింటి గడప షరతు మాత్రం ఇంకా ఉంది. దొర కచ్చితంగా గడప మీద, ముక్కు లోపల, ఒళ్ళంతా బయట పెట్టుకుని కూర్చుంటాడు.

వచ్చే నెల మళ్ళీ జాతర. పంబ మోత, డప్పులు, టపాకాయలు అంటే దొరకు ప్రాణం పోతుంది, దీపావళికి మంచం కిందికి దూరి తెల్లారిందాకా బయటికి రాలేదు. ఆ రోజుల్లో వాణ్ణి లోపలి గదిలో పెట్టి, కిటికీలు మూసి, ఫ్యాన్, టీవీ వేసి, ఒకరు తోడుండాలి. నేనుంటానని అన్నా. నలభై ఏళ్ళుగా ఒక్క జాతర కూడా తప్పని అత్తమ్మ సంగటి ఉండలు చేస్తూ తల ఎత్తకుండానే చెప్పింది, "నువ్వు పాపను తీసుకొని పో, నేనుంటాలే వాడికాడ. అమ్మవారికి నేను చెప్పుకుంటా."